కొసరుగా వచ్చిన పలుకాకు

తూర్పు కొండల మీద సూర్యుడు ఇంకా తల ఎత్తలేదు. వైజయంతీ మహానగరం మాత్రం అప్పటికే గొంతు ఎత్తింది. శ్వేతానది వంపులో అర్ధచంద్రాకారంగా ఒదిగిన ఆ రాజధానిలో సౌధాల మీది సువర్ణ కలశాలు మంచుతెరలోంచి ఒక్కొక్కటిగా వెలికివస్తున్నాయి. పాలరాతి వంతెనల కింద చందనపు దుంగల పడవలు ఒకదానినొకటి రాసుకుంటూ సాగుతున్నాయి. వీటన్నిటికీ పైన, కోట బురుజుల చుట్టూ, ఎండుటాకులతో అల్లిన పెనుడేగలు గిరికీలు కొడుతున్నాయి. అవి రెక్క ఆడించినప్పుడల్లా గలగలమని ఎండు చప్పుడు వినవస్తుంది. ఆ చప్పుడు విన్నప్పుడు తల దించుకుని నడవడం నగరవాసులు నేర్చుకున్నారు.

నీటివాకిలి దగ్గర ఆగిన కట్టెల పడవ నుంచి ఇద్దరు దిగారు. ముందు దిగినవాడు మీసం ఇంకా రాని వంటవాడు. తలకు పాగా, భుజాన గరిటెల సంచి. వెనక దిగినవాడు తాటిమాను వంటి మనిషి. నెత్తిన ఖాళీ గంప. మొదటివాడు వంటవాడు కాడు, అసలు పురుషుడే కాడు. మణిసీమ ప్రభువు మహీధర మహారాజు ఏకైక పుత్రిక, నదిలో మునిగి మరణించిందని రాజ్యమంతా నమ్ముతున్న రాజకుమారి కేతకి. రెండవవాడు ఆమె అంగరక్షకుడు ఉద్దండుడు. ఖడ్గం పట్టిన చేతితో గంప పట్టవలసి వచ్చినందుకు అతనికి చిన్నతనంగా ఉంది. రాజకుమారిని ఒరే అని పిలవవలసి వచ్చినందుకు ప్రాణం పోతున్నట్టుగా ఉంది.

"తమరు... అంటే, ఒరే... అల్లుడుగారూ," అన్నాడు.

"ఒరేకి గారు అతకదు, మావయ్యా. రెంటిలో ఒకటి వదిలెయ్," అంది కేతకి.

"ఒరే వదిలేస్తానండి."

"వద్దు. గారు వదిలెయ్."

శుష్కనేత్రుడనే మాంత్రికుడు వైద్యుని వేషంలో కొలువులో చేరి మహీధరుని మాటను బంధించిన సంగతి పాఠకులకు తెలుసు. రాజు వింటాడు, చూస్తాడు. పెదవి పెగలదు, అన్నం ముద్ద నోటికి అందించడానికి తప్ప చేయి లేవదు. ఈ మధ్యాహ్నం, కోట వాకిలి మీది చంద్రశాలలో భోజనం ముగిసిన వెంటనే, ప్రతీహారి ప్రజల ఎదుట రాజును ఒక ప్రశ్న అడుగుతాడు: రాజ్యాన్ని శుష్కనేత్రులవారికి ధారపోయడం సమ్మతమేనా అని. రాజు కాదు అనకపోతే అవునన్నట్టే. నోరు లేని మనిషి మౌనాన్ని అంగీకారంగా స్వీకరించవచ్చునని మంత్రులు శాస్త్రాలు వెతికి చూపించారు. చూపిస్తున్నంతసేపూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఉండడానికి మాత్రం చాలా శ్రమపడ్డారు.

బంధించిన మాటను విడిపించగలిగేది పలుకాకు ఒక్కటే. అది ఆ రోజు కోసిన పచ్చి ఆకుగా వేడి వంటలో పడి రాజు నాలుకకు తగలాలి. ఎండితే గడ్డితో సమానం. రాజు మాట పడిపోయిన కొత్తలో పండితులు దానికోసం హిమశిఖరాలకు గుర్రాలను పంపారు. గుహలలో నిద్రపోతున్న మునులను లేపి శాపాలు కూడా తెచ్చుకున్నారు. కేతకికి నిజం చెప్పినది నదీద్వీపంలో ఆమె ప్రాణం నిలిపిన వృద్ధతాపసి. పలుకాకు కొండల మీద మొలవదు. మహానగరపు పెరళ్లలో, అంట్లు తోమిన నీళ్లు పారే కాలువ అంచున మాత్రమే మొలుస్తుంది. ఆ కాలువ వైపు ఏ పండితుడూ జన్మలో తొంగిచూసి ఎరుగడు. కనుక వారి గ్రంథాలలో ఆ మొక్క శిఖరాలకు ఎక్కి కూర్చుంది.

శుష్కనేత్రుని శక్తులు రెండు. అతని చూపు పడితే పచ్చనిదేదైనా ఎండి పొడి అవుతుంది; అందుకే కళ్లకు నల్లని పట్టుగుడ్డ కట్టుకుని తిరుగుతాడు. కంటికి లేని పనిని చెవి చేస్తుంది. అబద్ధం అతనికి పగిలిన కంచు మోగినట్టు వినిపిస్తుంది. అతని ఎదుట అబద్ధమాడి బతికి బయటపడినవారు లేరు.

ఆకుకూరల అంగడి నగరం నడిబొడ్డున పచ్చని నదిలా పారుతోంది. ఒక ఒడ్డున నీళ్లు చిలకరించిన కొత్తిమీర కట్టలు, ఎర్రకాడల బచ్చలి, పుల్లని గోంగూర, తన చేదుకు సిగ్గుపడని మెంతికూర. రెండవ ఒడ్డున, పేరు తెలిసినవారి కంటికే ఆనే అరుదైన సంపద: పొలం గట్ల మీద ఏరిన పొన్నగంటి, చెట్టెక్కి దూసిన అవిసాకు, దళసరి వామాకు, గిల్లితే వేళ్లను రోజంతా వదలని నిమ్మగడ్డి, దూరద్వీపాల నుంచి కుండీలతో సహా పడవెక్కి వచ్చి ఇంకా ఇక్కడి భాషలో పేరు పెట్టించుకోని సుగంధపత్రాలు. అంగడి మధ్యలో రాజభటుడొకడు బంగారపు తక్కెడ పట్టుకుని, పలుకాకు తెచ్చినవారికి ఆకు ఎత్తు బంగారమని అరుస్తున్నాడు. చివరి ఆకు వరకు పోగుచేసి ఎండబెట్టాలని మాంత్రికుని పన్నాగం. తక్కెడ మాత్రం ఖాళీగా ఊగుతోంది.

కేతకి మొదటి దుకాణం ముందు ఆగింది. "అమ్మా, పలుకాకు ఉందా? కట్ట ఎంత?"

కూరలమ్మే మనిషి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. బుట్ట మీద గోనెపట్టా కప్పి అటు తిరిగి కూర్చుంది. రెండవ దుకాణంలోనూ అంతే. మూడవ దుకాణంలో ప్రశ్న పూర్తి కాకముందే పట్టా దిగింది.

"మనం ఏదో బూతు మాట్లాడుతున్నట్టున్నాం, అల్లుడూ," అన్నాడు ఉద్దండుడు.

పక్కనే కిసుక్కున నవ్వు వినిపించింది. బచ్చలి రాశి వెనక బాసింపట్టు వేసుకుని కూర్చున్న తిరపమ్మ నవ్వింది. నోట్లో తమలపాకు, ముక్కుకు అడ్డబాస, ఎవరి మాటా పడదన్నట్టు ఎత్తిన గడ్డం.

"ఏ ఊరి వంటోడివి, అబ్బాయ్?"

"దూరం, అమ్మా."

"దూరమేలే. దగ్గరోడైతే ఆ మాట అట్టా అడగడు. పోయి ఆ తక్కెడోడి పక్కన నించో. వాడూ నీలాగే ఎంతా, ఎంతా అంటన్నాడు, ఎన్నాళ్ల నుంచో."

కేతకికి కోపం రాలేదు. తప్పు ఎక్కడ జరిగిందో తెలియనంతవరకు కోపానికి అర్హత లేదని ఆమెకు తెలుసు. పక్కకు జరిగి నిలబడి చూసింది.

చంకన బిడ్డతో ఒక ఇల్లాలు వచ్చి బచ్చలి కట్ట కొంది. "కొసరెయ్యి పిన్నీ," అంది.

"ఏస్తన్నా, ఆగవే. మీ వాడికి మాటలొచ్చినయ్యా?"

"ఇంకా ఎక్కడ. అమ్మా అని కూడా అనడు."

తిరపమ్మ కరివేపాకు రెమ్మ ఒకటి తుంచింది. మరుక్షణం ఆమె చేయి బుట్ట అడుగుకు వెళ్లి, వెండిఈనెల చిన్న ఆకు రెమ్మను తీసి కరివేపాకులో కలిపి కట్ట మీద వేసింది. ఇద్దరిలో ఎవరూ దాని పేరు ఎత్తలేదు. ఇల్లాలు వెళ్లిపోయింది.

కేతకికి అంతా అర్థమయింది. వెల కట్టినది సరుకు అవుతుంది. సరుకైన పలుకాకు పలకదు. ఆ ఆకు ఈ నగరంలో కొసరుగా తప్ప చేయి మారదు. బంగారమంతా కుమ్మరించినా తక్కెడ నిండకపోవడానికి కారణం అదే.

ఆమె తిరపమ్మ ముందుకు వచ్చి కాసు చేతిలో పెట్టింది. "బచ్చలి కట్ట ఇవ్వండమ్మా."

"కొసరు అడగవా?"

"వేసే చెయ్యి మీది. అడిగే నోటికి ఇందాకే బుద్ధి చెప్పారు కదా."

"నోరు బాగానే తిరుగుద్ది," అంది తిరపమ్మ. "కానీ ఇవాళ ధర అడిగినోడివి. కట్ట తీసుకెళ్లు. కొసరుకు ఇంకో పొద్దున రా."

"మా నాన్నకు ఇంకో పొద్దు లేదమ్మా. మాట పడిపోయింది. ఈ మధ్యాహ్నంలోగా ఆయన ఒక్క మాట అనకపోతే ఇల్లు పరులపాలు."

తిరపమ్మ నమలడం ఆపింది. ఏదో అనబోయింది. ఇంతలో కొమ్ముబూర మోగింది.

వీధి మొదట్లో నల్లని పల్లకి కనిపించింది. ఎవరో కొత్తవాళ్లు పలుకాకు అడుగుతున్నారని తక్కెడవాడు కబురు పంపాడు. పల్లకి దిగిన శుష్కనేత్రుడు సన్నగా, పొడుగ్గా, ఎండిన చెరకుగడలా ఉన్నాడు. కళ్లకు గంత. అతడు మొదటి దుకాణం ముందు నిలబడి మెత్తని గొంతుతో అడిగాడు. "పలుకాకు ఎవరి దగ్గర ఉంది, తల్లీ?"

"నాకు తెలవదు, సామీ."

మాంత్రికుడు చెవి రుద్దుకున్నాడు. "కంచు పగిలింది," అన్నాడు. గంత పైకి జరిపాడు.

ఆ చూపు పారినంత మేర వసంతం చచ్చిపోయింది. కొత్తిమీర బూడిద రంగు తిరిగింది. గోంగూర చుట్టలు చుట్టుకుపోయి గలగలమంది. కుండీలలోని ద్వీపాంతర పత్రాలు పేరు పెట్టించుకోకుండానే పొడి అయ్యాయి. ఏళ్ల తరబడి తెల్లవారకముందే లేచి నీళ్లు మోసిన ఆడవాళ్ల కష్టం రెప్పపాటులో దుమ్ముగా లేచింది. చూపు ఇటు తిరుగుతోంది. తరువాత వరస తిరపమ్మది.

ఉద్దండుడు గంప అవతల పారేసి, పక్క దుకాణంలోని అతి పొడవైన సొరకాయను అందుకున్నాడు. మొదటి భటుడికి అది గదలా తగిలింది. రెండవవాడి మీద పగిలింది. చేతిలో మిగిలిన తొడిమను విసిరేసి మూడవవాడిని ఎత్తి గుమ్మడికాయల రాశిలో పడేశాడు. రాశి కదిలింది. కాయలు వీధంతా దొర్లాయి. వాటి వెనక భటులు దొర్లారు. ఆ సందులో కేతకి కారం దుకాణం మీదికి ఒక్క గంతు వేసి, గరిటె ముంచి, మాంత్రికుని తెరచిన కళ్లలోకి గురిచూసి కొట్టింది. గురి తప్పలేదు. శుష్కనేత్రుని అరుపుకు బురుజుల మీది డేగలు ఒక్కసారిగా లేచాయి. కేతకి దుకాణంలో కాసు పడేసి, గుప్పెడు కారం కొంగున ముడివేసుకోబోయి, తనకు కొంగు లేదని గుర్తొచ్చి నడుము తువ్వాలులో కట్టుకుంది.

"ఇట్రండి," అంటూ తిరపమ్మ బుట్ట చంకనెత్తుకుని పరుగెత్తింది. ముగ్గురూ గోనెపట్టాల కిందుగా, రంగుల అద్దకం కుండల నడుమగా, ఒక ఇంటి వంటగదిలోంచి ఇంకో ఇంటి పెరట్లోకి దూసుకుపోయారు. తలపైన ఎండు రెక్కల చప్పుడు దగ్గరయింది, దూరమయింది. తిరపమ్మ పెరటి తడిక తలుపు మూసి గడియ పెట్టాక కేతకి తల తడుముకుంది. పాగా ఎక్కడో జారిపోయింది. జుట్టు నడుము దాకా విడివడింది.

"తల్లీ, ఎక్కడైనా దెబ్బ తగిలిందా?" అన్నాడు ఉద్దండుడు, వేషం మరచి.

తిరపమ్మ ఇద్దరినీ ఎగాదిగా చూసింది. "అబ్బాయివి కాదన్నమాట. మాట పడిపోయిన నాన్న ఎవరో కూడా ఇప్పుడు తెలిసింది. చెప్పొద్దులే, నాకెందుకు." బుట్ట అడుగు నుంచి వెండిఈనెల రెమ్మ తీసింది. కాలువ అంచున ఉన్న మొక్క మోడుగా నిలబడి ఉంది; మిగిలిన రెమ్మ ఇదొక్కటే. "పొద్దున బచ్చలి కట్ట కొన్నావు కదా. కొసరెయ్యడం మర్చిపోయా. పట్టు."

కేతకి రెండు చేతులూ చాచి అందుకుంది. ధన్యవాదం చెప్పలేదు. కొసరుకు ధన్యవాదం చెబితే అది దానమైపోతుంది.

కోటలోకి ఎలా చేర్చాలన్న ప్రశ్నకు సమాధానం శత్రువే పంపాడు. కారం మంటకు కళ్లు నులుముకుంటూ, గంత లేకుండానే మాంత్రికుడు రాజోద్యానం మీదుగా మందిరానికి పరుగెత్తాడట. ఉద్యానంలో ఒక్క ఆకు మిగలలేదట. రాజుగారి భోజనానికి కూర లేక, వంటశాలవాళ్లు కోట వాకిట్లోనే ఆకుకూరలు కొంటున్నారట. పక్కింటావిడ గోడ మీదుగా ఈ కబురు చెప్పగానే కేతకి నవ్వింది.

"పిన్నీ, ఒక చీర, నీ బుట్టా కావాలి."

కోట వాకిట కూరలవాళ్లు వరసగా కూర్చున్నారు. గడప పక్కన శుష్కనేత్రుడు తడిగుడ్డ మీద గంత కట్టుకుని ఆసనం వేశాడు. అతని ఇరువైపులా భటులు. నెత్తిన గోపురం మీద ఒక పెనుడేగ. లోపలికి వెళ్లే సరుకును భటులు తడిమి చూస్తారు. అమ్మినవారిని మాంత్రికుడు ప్రశ్నిస్తాడు. కేతకి తువ్వాలులోని కారాన్ని కొంగున ముడివేసుకుని, బచ్చలి ముందు పోసుకుని కూర్చుంది. వీధి అవతల ఉద్దండుడు గోడకు ఆనుకుని నిద్ర నటిస్తున్నాడు.

వంటశాల పెద్ద మాచమ్మ వచ్చింది. కేతకికి చిన్ననాడు గోరుముద్దలు పెట్టిన చేయి ఆమెది. కట్ట ఎత్తి ఆకు విరిచి చూసింది. "ఎంతే?"

కేతకి చెప్పింది.

"ఇంత తక్కువా? పుట్టి బుద్ధెరిగి బేరమాడినట్టు లేవే. పొద్దున్నే ఈ యాపారంలోకి దిగావా?"

"ఇవాళే దిగానమ్మా."

ఆ గొంతు విని మాచమ్మ తల ఎత్తింది. చాలాసేపు చూసింది. మొహంలో ఒక్క గీత కదలలేదు. పెద్ద వంటశాలలో వయసు గడిపిన ఆడదానికి మొహం ఎక్కడ దాచుకోవాలో తెలుసు. "కొసరెయ్యి మరి. ఊరికే పోతానా?" అంది.

కేతకి కరివేపాకు రెమ్మ తుంచింది. అందులో వెండిఈనెల రెమ్మను కలిపి కట్ట మీద వేసింది. మాచమ్మ ముక్కుపుటాలు ఒకసారి అదిరాయి. గడప దగ్గర భటుడు బచ్చలి కట్ట విప్పి, ఆకు ఆకూ చూసి, కరివేపాకును పక్కకు నెట్టి, మళ్లీ కట్ట మీద పడేసి పొమ్మన్నాడు.

"ఆ అమ్మినదాన్ని తీసుకురండి," అన్నాడు శుష్కనేత్రుడు.

కేతకి అతని ఎదుట నిలబడింది.

"నీ బుట్టలో పలుకాకు ఉందా?"

"లేదు, స్వామీ."

అతని చెవికి మాట గంటలా స్వచ్ఛంగా వినిపించింది.

"ఎవరికైనా అమ్మావా?"

"అమ్మలేదు."

"ఆ వంటమనిషి నీ దగ్గర కొన్నదా?"

"బచ్చలి కొంది. పలుకాకు కొనలేదు."

మాంత్రికుడు తల వంచి విన్నాడు. ఎక్కడా పగులు లేదు. "ఎవరి కూతురివి?"

"మా నాన్న మాట్లాడలేడు, స్వామీ. ఆయన కోసమే ఇవాళ ఆకులమ్ముతున్నాను."

అది కూడా గంటలాగే మోగింది. వెళ్లమన్నట్టు అతడు చేయి ఊపాడు. అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. జన్మలో ఒక్కసారి తన చేత్తో ఆకుకూర కొన్నవాడెవడైనా దాన్ని అడిగి ఉండేవాడు.

మధ్యాహ్న భేరి మోగింది. వాకిట జనం కిక్కిరిశారు. కేతకి వెళ్లిపోలేదు, బుట్ట ముందు పెట్టుకుని గడప ఎదుటే నిలబడింది. పైన చంద్రశాలలో మహీధరుడు వెండి పీట మీద కూర్చున్నాడు. ఒకనాటి సింహం వంటి మనిషి కండువా బరువుకే వంగిపోతున్నాడు. మాచమ్మ బచ్చలిపప్పు వడ్డించింది. రాజు కలిపాడు, ముద్ద ఎత్తాడు, నమిలాడు. రెండవ ముద్ద. మూడవది. కేతకి చేతివేళ్లు బుట్ట అంచున బిగుసుకున్నాయి. రాజు చేయి కడుక్కున్నాడు. ప్రతీహారి దండం నేలకు తాటించాడు.

"మహారాజా, రాజ్యాన్ని శుష్కనేత్రులవారికి ధారపోయడం ప్రభువుకు సమ్మతమేనా?"

మంత్రులు తమ తమ పాదాలను పరిశీలిస్తున్నారు. శుష్కనేత్రుడు ఆసనం మీంచి లేచి, కిరీటం కోసం ముందుగానే తల సర్దుకున్నాడు.

చాలాకాలంగా తెరవని తలుపు కీలు కిర్రుమన్నట్టు, పైనుంచి ఒక గొంతు వినవచ్చింది.

"పప్పులో ఉప్పు తక్కువైంది."

ఆకు వేసిన కంగారులో ఉప్పు మరచిన మాచమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూ నవ్వుతోంది. రాజు పిట్టగోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. రెండవసారి గొంతు నిండుగా పలికింది.

"సమ్మతం కాదు."

జనం హోరుకు పావురాలు లేచాయి. ఆ హోరులోనే మాంత్రికుడు కేతకి నిలబడిన వైపు తిరిగాడు.

"నువ్వు అమ్మలేదన్నావు."

"అమ్మలేదు. కొసరు వేశాను."

"కొసరంటే ఏమిటి?"

"ఆ మాట తెలిసి ఉంటే ఈపాటికి రాజ్యం తమకు దక్కేది, స్వామీ."

శుష్కనేత్రుడు చిటిక వేశాడు. గోపురం మీది పెనుడేగ రాయిలా జారి, కేతకిని రెండు గోళ్ల నడుమ ఇరికించుకుని ఆకాశానికి లేచింది. వీధి అవతలి నుంచి పరుగెత్తుకొచ్చిన ఉద్దండుడు ఎగిరి దాని కాలిని పట్టుకున్నాడు; దానితో పాటు తానూ లేచిపోయాడు. కోట, జనం, నది చిన్నవయ్యాయి. కిందనుంచి, ఇంకా బొంగురు పోని ఆ గొంతు మూడవ మాట పలికింది.

"కేతకీ."

చనిపోయిందనుకున్న కూతురి పేరు నగరమంతా విన్నది. ఆకాశంలో కేతకి కూడా విన్నది.

డేగ ఉత్తర దిక్కుకు, మాంత్రికుని ఎండు కోట వైపు తిరిగింది.

"ఒరే అల్లుడూ," అని డేగ కాలికి వేలాడుతూ అరిచాడు ఉద్దండుడు. ఈసారి తడబడలేదు. "ఇప్పుడేం చేద్దాం?"

కేతకి కొంగు తడుముకుంది. అక్కడ ముడి ఇంకా గట్టిగానే ఉంది. అందులో కారం ఇంకా మిగిలే ఉంది.